ఉమ్మడి ఇంటికీ ఒక అరుగు ఉండాలి

పోయిన నెల ఈ శీర్షికలో, తెలిసినవాళ్ళు కొందరు కలిసి స్థలం కొనుక్కుని, ఎవరి ఇల్లు వారు కట్టుకుని, హాలు, వంటశాల, పెరడు లాంటివి మాత్రం ఉమ్మడిగా పెట్టుకునే పద్ధతి గురించి రాశాను. లోపలివాళ్ళ మధ్య సర్దుబాట్ల గురించి అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది వీధి గురించి. గేటు బయట ఉన్నవాళ్ళతో ఎలా ఉండాలి, ఎంతవరకు రానివ్వాలి, రానిస్తే తర్వాత తలనొప్పులు వస్తాయా అని. వాటిలోంచి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మనుషుల పేర్లు తీసేశాను, ఊళ్ళు కూడా పక్కనున్న పట్నం పేరుతోనే చెబుతున్నాను.

ప్రశ్న: మాది అమలాపురానికి ఆరేడు కిలోమీటర్లు. నేనూ మావారూ టీచర్లుగా రిటైరయ్యాం. మాలాంటి పన్నెండు కుటుంబాలవాళ్ళం కలిసి ఎకరంన్నర కొబ్బరితోట కొని, చెట్లు వీలైనన్ని ఉంచుకుని చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్నాం. మధ్యలో పెద్ద హాలు, దాన్ని ఆనుకుని వంటశాల, ఒక గది నిండా పుస్తకాలు, మంచినీళ్ళకి ఆర్వో ప్లాంటు, ఇవన్నీ సొసైటీ పేరు మీదున్నాయి. మొదటి ఏడాదే వీధివాళ్ళు రావడం మొదలైంది. ఒకరు పాపకి ఓణీల ఫంక్షను చేసుకుంటాం హాలిమ్మన్నారు, ఇంకొకరు గుండిగలు, గరిటెలు అడిగారు, వేసవిలో నీళ్ళ టిన్నులతో లైను కట్టారు. అందరికీ సరే అన్నాం. ఇప్పుడు మాలో మాకే గొడవ. ఫంక్షనైన మర్నాడు ఎంగిలి విస్తళ్ళు మేమే ఎత్తాం, రెండు గుండిగలు తిరిగి రాలేదు. మాలో ఒకాయన గేటుకి తాళం వేసెయ్యమంటున్నారు. తాళం వేసుకుని బతకడానికైతే ఇక్కడికి రావడం దేనికి అని నా బాధ. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ మనసు చెబుతున్నదే సరైనది, గేటు మూయకండి. అలాగని తాళం అంటున్న ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఎంగిలి విస్తళ్ళు ఎత్తిన చేతుల్లో ఆయనవీ ఉండే ఉంటాయి. ఎవరు ఊడవాలి, ఎవరు లెక్క చూడాలి అన్నది తేల్చుకోకుండానే మీరు తలుపులు బార్లా తీశారు, ఆయన ఇప్పుడు ఆ మాటే అడుగుతున్నారు, కాకపోతే కోపంగా అడుగుతున్నారు.

1996 నవంబరు 6న తుపాను వచ్చిన రాత్రి మా వీధికంతటికీ డాబా ఇల్లు ఒక్కటే. తాటాకిళ్ళవాళ్ళం, పెంకుటిళ్ళవాళ్ళం చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ ఇంటికి చేరాం. ఆ ఇంటావిడ అందర్నీ రానిచ్చింది, వసారాలో మేకల్ని కూడా కట్టుకోనిచ్చింది, కానీ వంటింటి గడప మీద చీపురు అడ్డంగా పెట్టి, ఇటు మాత్రం ఎవరూ రాకండి, ఈ పొయ్యి ఆరిపోయిందంటే పిల్లలకి గంజి కూడా ఉండదు అంది. రాత్రంతా కొబ్బరిచెట్లు పడుతున్న చప్పుడు వింటూ గోడకి ఆనుకుని కూర్చున్నాం. తెల్లారి వాన తెరిపిచ్చాక ఆవిడ అదే చీపురు తీసి మా అమ్మ చేతికిచ్చింది. అమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ బురద ఎత్తి, మేకలు కట్టిన చోట నీళ్ళు కొట్టి కడిగాకే, కూలిన మా ఇళ్ళ వైపు బయల్దేరాం. ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. చీపురు చేతికిచ్చింది గనకే మళ్ళీ ఎప్పుడైనా ఆ ఇంటికి వెళ్ళడానికి మాకు మొహమాటం ఉండేది కాదు. ఆవిడే అంతా కడిగేసుకుని ఉంటే రెండోసారి ఆ గుమ్మం ఎక్కడానికి మా అమ్మ సిగ్గుపడేది.

కాబట్టి మీరు హాలిచ్చిన రోజు చీపురు కూడా ఇవ్వండి. ఇది కటువుగా అనిపిస్తుందేమో కానీ చాలా మర్యాదైన పని.

ఇక ఎంతవరకు ఇవ్వాలన్నది. మన మండువా లోగిళ్ళు గుర్తు తెచ్చుకోండి. వీధి వైపు అరుగు, లోపలికి వస్తే మండువా, ఆ లోపల వంటిల్లు. అరుగు మీద దారినపోయే మనిషి కూడా కాసేపు నడుం వాల్చేవాడు, మండువాలోకి అయినవాళ్ళు వచ్చేవాళ్ళు, వంటింట్లోకి ఇంటివాళ్ళే. మీ పన్నెండు ఇళ్ళకి మండువా ఉంది, వంటిల్లు ఉంది, అరుగు లేదు. అందుకే వచ్చిన ప్రతివాళ్ళూ నేరుగా మండువాలోకి వచ్చేస్తున్నారు, వాళ్ళ తప్పేం లేదు, కూర్చోడానికి ఇంకో చోటు మీరు చూపించలేదు.

మీలా ఎవరి ఇల్లు వారికి ఉంటూ కొన్ని ఉమ్మడిగా పెట్టుకునే పద్ధతికి మొదటిదని చెప్పే కాలనీ 1972లో డెన్మార్క్‌లో హిల్లెరోడ్ దగ్గర వచ్చింది, పేరు సెట్టెడామెన్. ఆ దారిలో తర్వాత కట్టుకున్నవాళ్ళు బాగా పట్టించుకున్న విషయం ఒకటుంది. బళ్ళు పెట్టుకునే చోటి నుంచి ఇళ్ళకి వెళ్ళే దారిలోనే ఉమ్మడి ఇల్లు కట్టుకుంటారు, రోజూ అందరూ దాని ముందు నుంచే నడవాలని. ఏది ఎక్కడుందన్నదాన్ని బట్టి మనుషుల రాకపోకలు ఉంటాయి. మీ హాలు లోపలివాళ్ళ దారిలో, తోట మధ్యలో ఉంది, అది అలాగే ఉండనివ్వండి. వీధికి ఇవ్వాలనుకున్నవి గేటు దగ్గరికి తీసుకురండి. పుస్తకాల గదిలోంచి పిల్లల పుస్తకాలు రెండు బీరువాల నిండా గేటు పక్కన ఒక షెడ్డు కిందకి మార్చండి, నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, ఒక లైటు చాలు. నీళ్ళ కుళాయి ప్రహరీ గోడకి బయటివైపు పెట్టించండి, ప్లాంటు లోపలే ఉంటుంది, పైపు మాత్రం గోడ దాటి వెళుతుంది. దీనికి ఖర్చు పెద్దగా ఉండదు, ప్లంబరుకి ఒక పూట పని.

నీళ్ళతోనే మొదలుపెట్టమని నా గట్టి సలహా. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారని మీకు తెలుసు, అప్పటికి ఊరి చెరువు నింపుకుంటే నింపుకున్నట్టు, లేదంటే లేదు, సముద్రం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. మీ వీధికి నిజంగా అవసరమైంది అదే, ఓణీల ఫంక్షనుకి హాలు ఆ తర్వాత సంగతి. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అని టైము పెట్టండి. కుళాయి చూసుకోడానికి మీవాళ్ళు ఇద్దరు, వీధివాళ్ళు ఇద్దరు ఉండాలి. ఫిల్టర్లు, మెంబ్రేను మార్చడానికి, కరెంటుకి ఏడాదికెంతవుతోందో లెక్కకట్టి, అందులో టిన్నుకి ఎంత పడుతుందో అంతే తీసుకోండి, పైసా ఎక్కువ వద్దు. డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన సీమలో నీళ్ళకి డబ్బులు తీసుకోవడమేంటని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మహాతల్లి పెట్టింది తన ఇంటి అన్నం, తన చేతులతో వండి. మీ ప్లాంటులో పన్నెండు ఇళ్ళ డబ్బుంది. ఒకరి పుణ్యానికి ఇంకొకరి జేబులోంచి తియ్యకూడదు. ఇవ్వలేనివాళ్ళు ఎవరన్నది మీకంటే వీధివాళ్ళకే బాగా తెలుస్తుంది, ఎవరి దగ్గర తీసుకోవద్దో ఆ ఇద్దరికే వదిలెయ్యండి.

హాలు విషయంలో నేనైతే ఇలా చేస్తాను. వీధి మొత్తానికి పనికొచ్చేది ఏదైనా, అంటే కళ్ళ డాక్టరు వచ్చే రోజు, పరీక్షల ముందు పిల్లల చదువులు, డ్వాక్రా మీటింగు, వీటికి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. ఒక్క ఇంటి వేడుకకి సబ్‌మీటరు చూసి కరెంటు, ముందే కొంత అడ్వాన్సు, ఊడ్చి అప్పగించాక ఆ అడ్వాన్సు వెనక్కి. పెళ్ళిళ్ళకి అద్దెలు పెట్టి సంపాదించడం మాత్రం మొదలుపెట్టకండి, డబ్బు రుచి తగిలాక మీ హాలు మీకే దొరకదు, పైగా కరెంటు కేటగిరీ, పన్నులు ఇవన్నీ వేరే లెక్కలోకి వెళతాయి.

ఇంకొకటి ఎవరూ అడగరు, మీరే ముందు చెప్పండి. రెండు గదుల ఇంట్లో చావు జరిగి, బయట ముసురు పట్టి ఉంటే, పదోరోజు వచ్చిన చుట్టాలకి ఎక్కడ వడ్డించాలో తెలీక ఆ ఇంటివాళ్ళు పడే యాతన నేను చూశాను. రోడ్డు మీద షామియానా, షామియానాలోంచి కారే నీళ్ళు, అరిటాకుల్లో పడుతున్న చినుకులు, ఆకు చేత్తో పట్టుకుని నిలబడే తింటున్న ముసలాయన. అలాంటి రోజు మీ హాలివ్వండి. కొందరు అశుభం అంటారు, అన్నప్పుడు మీరు టీచరుగా ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పిన గొంతుతోనే చెప్పండి.

గుండిగల సంగతి తేలిక. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేరు కొట్టించడం ఉన్నదే కదా, మీ సొసైటీ పేరూ, నంబరూ కొట్టించండి. ఒక పుస్తకం పెట్టి ఇచ్చినప్పుడు, తెచ్చినప్పుడు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చెయ్యండి. పోయిన రెండింటి గురించి ఇక ఎవర్నీ అడగకండి, దొంగతనం కాకపోవచ్చు, షామియానా సామానులో కలిసి వెళ్ళిపోతుంటాయి.

చివరగా కొంచెం ఇబ్బందిగా ఉండే మాట. మీరు వీధి అంటున్నది ఏ వీధి? గేటు ఎదురుగా ఉన్నదేనా, తోట వెనక పేట కూడానా? పాత ఇళ్ళ అరుగుల గురించి ఇంత మురిపెంగా రాశాను కానీ, ఆ అరుగులు ఎక్కనివ్వని మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు, అది మరిచిపోయి రాస్తే అబద్ధం రాసినట్టే. వాళ్ళు మీ దగ్గరికి వచ్చి అడగకపోవచ్చు, అలవాటు ప్రకారం గేటు దగ్గరే ఆగిపోవచ్చు. మీరే వెళ్ళి పిలవాలి. నీళ్ళ కుళాయి చూసుకునే వీధివాళ్ళిద్దరిలో ఒకరు పేటవాళ్ళై ఉంటే చెప్పాల్సింది చాలావరకు చెప్పినట్టే. కార్తీకమాసంలో ఈ మధ్య వనభోజనాలు కూడా కులం పేరు మీదే జరుగుతున్నాయి. మీ కొబ్బరితోటలో వీధి పేరు మీద ఒకటి పెట్టండి, ప్రతి ఇంటి నుంచి ఒక వంట, వడ్డన అందరూ కలిసి.

ప్రశ్న: భీమవరంలో మా అపార్ట్‌మెంటులో నలభై ఫ్లాట్లు. నేను అసోసియేషన్ సెక్రటరీని. కింద ఉన్న కామన్ హాల్లో మా ఫ్లాట్ల ఆయనొకరు సాయంత్రాలు వాచ్‌మన్ల పిల్లలకి, పక్క వీధి పిల్లలకి లెక్కలు చెబుతున్నారు. పాతికమంది దాకా వస్తారు. ఇద్దరు ముగ్గురు ఓనర్లు, బయటివాళ్ళని ఇలా వాడుకోనిస్తే ఇరవై ఏళ్ళకి వాళ్ళకే హక్కొచ్చేస్తుంది, కోర్టు కూడా ఏం చెయ్యలేదు అని టెన్షన్ పెడుతున్నారు. ఇది నిజమేనా? ఆపెయ్యమనాలా?

జవాబు: ఆపకండి. వాళ్ళు చెప్పే ఇరవై ఏళ్ళు గాల్లోంచి వచ్చిన మాట కాదు, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో, అంటే ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కుల చట్టంలో, 15వ సెక్షన్లో ఉంది. కానీ సగమే విన్నారు. ఒక దారినో, నీటి కాలువనో ఎవరి అనుమతీ లేకుండా, ఇది నా హక్కు అన్నట్టుగా, బాహాటంగా, అడ్డు లేకుండా ఇరవై ఏళ్ళు వాడుకుంటే అప్పుడు ఆ హక్కు గురించి మాట. మీరు రమ్మంటే వచ్చి, మీరు తలుపు తీస్తే కూర్చుని, మీరు వెళ్ళమంటే వెళ్ళేవాళ్ళకి అది వర్తించదు. అనుమతి మీద వాడుకోవడాన్ని ఆ చట్టమే లైసెన్స్ అంటుంది, 52వ సెక్షన్ చూడండి. సాధారణంగా దాన్ని ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. 60వ సెక్షన్ ప్రకారం, మీ అనుమతి మీద వాడుకుంటున్నవాళ్ళు దాన్ని నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం ఏదైనా కట్టుకుంటే, ఆ అనుమతి రద్దు చెయ్యడం అంత తేలిక కాదు. అందుకని పక్క వీధివాళ్ళు ప్రేమగా మేమే చందాలేసుకుని రేకుల షెడ్డు వేస్తాం, గది కడతాం అన్నా ఒప్పుకోకండి. కట్టాల్సింది ఏదైనా ఉంటే అసోసియేషన్ డబ్బుతో, అసోసియేషన్ పేరు మీద కట్టండి, వాళ్ళు ఇవ్వాలనుకున్నది బల్లలు, పుస్తకాలు, ఫ్యాన్ల రూపంలో ఇవ్వనివ్వండి.

అసలు మీరు చూసుకోవాల్సింది ఇంకోటి. ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కామన్ స్థలంలో ప్రతి ఓనరుకీ విడదీయలేని వాటా ఉంటుంది. అంటే ఆ హాలు ఇవ్వడానికి మీరొక్కరు చాలరు, లెక్కలు చెప్పే ఆ పెద్దాయన మంచితనం ఒక్కటే చాలదు. జనరల్ బాడీలో పెట్టి, రోజులు, గంటలు, ఎంతమంది పిల్లలు, తాళంచెవి ఎవరి దగ్గర అన్నవి తీర్మానంగా రాసి, ఏడాదికోసారి మళ్ళీ చర్చకి పెడతాం అని అందులోనే చేర్చండి. అనుమతి ఉందనడానికి అదే కాగితం, అదే మీ రక్ష. ఆ ఇద్దరు ముగ్గురు ఓనర్లని కూడా ఒక సాయంత్రం హాల్లోకి తీసుకెళ్ళి కాసేపు కూర్చోబెట్టండి. మీ ఉత్తరంలో ఒకచోట రాశారు, వాచ్‌మన్ కూతురు భిన్నాలు అర్థమయ్యాక పలక మీద కొబ్బరిచెక్క బొమ్మ గీసి ఎనిమిది ముక్కలు చేసి చూపించిందని. దాన్నే మళ్ళీ గీయమనండి.

సెల్లారు సంపు మూత, లిఫ్టు గుంట, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కంచె మాత్రం ఈ వారమే చూసుకోండి. బయటి పిల్లలైనా, లోపలి పిల్లలైనా, జరగరానిది జరిగితే ఆ తర్వాత ఏ హాలూ ఉండదు.

ప్రశ్న: నేను గోడ బయట మనిషిని. రామచంద్రపురం దగ్గర మా వీధి చివర కొందరు డబ్బున్నవాళ్ళు కలిసి కాలనీలా కట్టుకున్నారు. లోపల పచ్చగడ్డి, ఉయ్యాలలు, పిల్లలు ఆడుకునే చోటు ఉన్నాయి. ఒకప్పుడు అది ఖాళీ దిబ్బ, మా పిల్లలు అక్కడే ఆడుకునేవాళ్ళు. ఇప్పుడు గేటు దగ్గరికి వెళితే వాచ్‌మన్ తరిమేస్తున్నాడు. మా చిన్నాడు గోడ మీంచి తొంగి చూస్తుంటే నాకు కడుపులో దేవేసినట్టవుతోంది. మావాళ్ళు గొడవపెట్టుకుందామంటున్నారు. మీరేమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్థలం వాళ్ళు కొనుక్కున్నారు, కాగితాల ప్రకారం మీకు హక్కు లేకపోవచ్చు. అడిగే హక్కు మాత్రం ఉంది, పిల్లలు ఆడుకున్న చోటది, ఆ మాట చెప్పడానికి మొహమాటం వద్దు. గొడవకి వెళితే ఇప్పుడున్న గోడ మీద గాజుపెంకులు లేస్తాయి, అంతకు మించి ఏం జరగదు.

కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్ళో, ఎన్ స్ట్రీట్ అనే వీధిలో, 1986లో పక్కపక్కనున్న రెండిళ్ళవాళ్ళు మధ్యలో ఉన్న కంచె తీసేసుకున్నారు. తర్వాత ఒక్కొక్క ఇల్లే కలుస్తూ పోయింది. ఎవరూ పెద్ద ప్లాను వేసి కట్టింది కాదు. అందుకే ఒక్క ఇంటితో మొదలుపెట్టమంటున్నాను. ఆ కాలనీలో మీకు ముఖపరిచయం ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, మీ వీధిలోంచి అక్కడ పనికి వెళ్ళే ఆవిడ ఉంటుంది, పాలు పోసే ఆయన ఉంటాడు. వాళ్ళ ద్వారా ఒక కుటుంబాన్ని కలవండి. మా పిల్లల్ని రానివ్వండి అని గంపగుత్తగా అడగొద్దు, దానికి ఎవరైనా చూద్దాం అనే అంటారు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా, పదిమంది పిల్లలు, ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు, వెంట మా పెద్దవాళ్ళు ఇద్దరు కూర్చుంటారు, ఉయ్యాల విరిగితే మా వీధి బాగుచేయిస్తుంది, అని అడగండి. ఇలా అడిగితే కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

వాళ్ళకీ మీతో అవసరాలుంటాయి, అది మరిచిపోకండి. వరద వచ్చి రోడ్డు మునిగినప్పుడు ఏ గట్టు మీంచి వెళితే బయటపడొచ్చో, పాము కనిపిస్తే ఎవర్ని పిలవాలో, మురుగు బోదె ఎక్కడ పూడిపోయి నీళ్ళు వెనక్కి తంతున్నాయో మీకు తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళకి తెలీదు. 2022 జులై వరదల్లాంటివి మళ్ళీ వస్తే ఆ కాలనీకి ముందు అవసరమయ్యేది మీ వీధే. బేరంలా అనొద్దు, మాటల్లో రానివ్వండి చాలు.

మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్ళకండి, వాళ్ళ ముందు కాదనిపించుకోవడం వాళ్ళకి మంచిది కాదు. మీరు ముగ్గురు ఆడవాళ్ళు వెళ్ళండి, ఏ ఆదివారం ఎవరు కాపలా కూర్చుంటారో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. గేటు దగ్గర ముందుగా ఆ వాచ్‌మన్‌నే పేరు అడిగి పలకరించండి. పిల్లల్ని తరమమని అతనికి ఎవరో చెప్పుంటారు, అతనికీ ఇంటి దగ్గర పిల్లలుండే ఉంటారు. ఏమైందో నాకు రాయండి, వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇక్కడే వేస్తాను.